పాత ట్రావెల్ ట్రైలర్‌కి ముందుగా ఏ అప్‌గ్రేడ్‌లు చేయించాలి? మీరు చేసినవాటిలో నిజంగా పనికొచ్చినవి చెప్పండి

#1 · కొత్త_కప్లర్

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. కిందటి నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్ళే చిన్న ఇల్లు) తీసుకున్నాం. 22 అడుగులది, రెండు ఇరుసులు, వయసు తొమ్మిదేళ్ళు. పాత ఓనర్ బాగానే చూసుకున్నట్టుంది, లోపలైతే కొత్తదానిలా మెరుస్తోంది. ఇంకా ఒక్క ట్రిప్పు కూడా వేయలేదు, సీజన్ మొదలయ్యేలోపు చేయించాల్సినవి చేయించేద్దామని లిస్టు రాసుకున్నా: సోలార్ ప్యానెళ్ళు, లిథియం బ్యాటరీలు, పెద్ద ఇన్వర్టర్, వెనక కెమెరా, టీవీ మార్చడం, వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్ళ ర్యాక్. మేం నలుగురం, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. అన్నీ ఒకేసారి చేయించలేను కాబట్టి ముందేది తర్వాతేది చెప్పండి, ఇంకేమన్నా మర్చిపోయానా అది కూడా.

#2 · ఇరుసు_గ్రీజు

శుభాకాంక్షలు తమ్ముడూ. లిస్టులో తప్పేం లేదు, మేమందరం అలాంటి లిస్టుతోనే మొదలెట్టాం. కాకపోతే కెమెరా తప్ప నువ్వు రాసినవన్నీ బండి ఆగాక పనికొచ్చేవి. బండి కదిలేటప్పుడు పనికొచ్చేవి ఎక్కడ మరి?

ముందెళ్ళి టైర్ల పక్కగోడ చూడు. డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కొన్నిసార్లు ఆ నాలుగంకెలు లోపలి వైపు మాత్రమే ఉంటాయి కాబట్టి కింద దూరి టార్చి వేసి చూడాల్సొస్తుంది, బద్ధకించకు. అయిదారేళ్ళు దాటితే అరుగుదల లేకపోయినా సరే మార్చేయడమే. ట్రైలర్ టైర్లు అరిగి చావవు, వయసైపోయి చస్తాయి. ఏడాదిలో పది నెలలు ఎండలో కదలకుండా బరువు మోస్తూ నిలబడే టైర్ అది, కారు టైర్ లెక్క దీనికి పనికిరాదు.

నాకు ఆరేళ్ళ టైర్ హైవే మీద పేలింది. పేలినట్టు నాకు తెలియనే లేదు, పక్కన పోయేవాళ్ళు హారన్ కొట్టి చేత్తో చూపిస్తే ఆపా. అప్పటికే ఊడిన రబ్బరు పట్టీ కొరడాలా తిరిగి ఫెండర్ చీల్చి, కింద ప్లాస్టిక్ కవర్ లాగేసి, బ్రేక్ వైర్ తెంపేసింది. టైర్‌కి అయినదానికన్నా మిగతావాటికే నాలుగింతలు అయింది. రెండు ఇరుసుల బండిలో ఒకటి పోతే దాని బరువంతా పక్కదాని మీద పడుతుంది, అది కూడా తర్వాత ఎక్కువ రోజులు బతకదు.

అందుకని నా మొదటి అప్‌గ్రేడ్ ఎస్‌టీ రకం (ట్రైలర్ల కోసమే చేసే) మంచి టైర్లు, వాటితోపాటు టైర్ ప్రెషర్ మానిటర్. ఇంకో సంగతి, లోడ్ రేంజ్ (టైర్ ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం) డీ నుంచి ఈకి వెళ్తే గాలి 65 నుంచి 80 పీఎస్ఐకి పెరుగుతుంది, మామూలు రబ్బరు వాల్వులు 65 వరకే. మెటల్ వాల్వులు వేయించుకో, రిమ్ ఎంత ప్రెషర్‌కి తట్టుకుంటుందో రిమ్ వెనక రాసుంటుంది, అదీ చూసుకో.

#3 · మూడు_ట్రిప్పులు

నా పేరులోనే ఉంది నా సలహా 😄 మూడు ట్రిప్పులు వేసేదాకా ఏదీ కొనకు. ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను డ్రాయర్‌లో పడేసి ఎవరికి ఏది చిరాకనిపిస్తే అది అక్కడే రాసేయమను, పిల్లలతో సహా. నేను కొన్నప్పుడు టీవీ, సౌండ్‌బార్ అన్నీ బిగించా. మూడో ట్రిప్పు తర్వాత మా నోట్‌బుక్‌లో ఉన్నవి చూస్తే: బాత్రూంలో టవల్ వేయడానికి కొక్కెం లేదు (అయిదుసార్లు రాశారు), రాత్రి మెట్టు కనబడట్లేదు, చెప్పులు ఎక్కడ పెట్టాలి, మంచం పక్కన ఫోన్ ఛార్జింగ్ లేదు. టీవీ గురించి మంచికీ చెడుకీ ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఎవరూ పెట్టలేదు.

టైర్లు మాత్రం ఆగకు, అది గ్రీజు గారు చెప్పినట్టే.

#4 · వాన_చుక్క

"లోపలైతే కొత్తదానిలా మెరుస్తోంది" అన్నారు చూడండి, అక్కడే నాకు గుండె గుభేలుమంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు ఉంటాయండీ ఈ ట్రైలర్లు. సన్నటి కర్ర ఫ్రేములు, దాని మీద పలచటి ప్లై, మీద వాల్‌పేపర్. ఎక్కడో ఒక స్క్రూ పక్కనుంచి రోజుకి నాలుగు చుక్కలు దిగినా లోపల రెండేళ్ళు కుళ్ళుతుంది, బయటికి కనబడేసరికి గోడ చెక్క బిస్కట్టులా పొడైపోతుంది.

మాది కూడా అంతే. ముందు కిటికీ కింద మూల వాల్‌పేపర్ కొంచెం ఉబ్బినట్టుంటే ఎండకి అనుకున్నా. ఒకరోజు సోఫా జరిపి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. దిండులో దిగినట్టు దిగింది. ఆ మూల విప్పితే కిందున్న కర్రని చేత్తో పీకి చెత్త సంచిలో వేశాం, రంపం అవసరమే రాలేదు.

సోలార్ కోసం రూఫ్ మీద రంధ్రాలు పెట్టే ముందు ఆ రూఫ్ సంగతి చూడండి. నిచ్చెన వేసుకుని ఎక్కి ప్రతి వెంట్, ప్రతి యాంటెనా, ముందు వెనక అంచులు వేలితో తడుముకుంటూ వెళ్ళాలి. సీలెంట్ వెంట్రుకంత పగిలినా నీళ్ళకి అది చాలు. లోపల అన్ని మూలల్లో, కిటికీల కింద, అల్మారాల లోపల బొటనవేలితో నొక్కుకుంటూ రండి, వీలైతే చెమ్మ కొలిచే మీటర్ ఒకటి కొనుక్కోండి, అరచేతిలో పట్టేదే.

సీలెంట్‌లో రెండు రకాలుంటాయి. తనంతట తానే పరుచుకునేది రూఫ్ లాంటి బల్లపరుపు చోట్లకి, జారకుండా నిలబడేది నిలువు గోడలకి. మొదటిది నిలువు గోడకి వాడితే ఏమవుతుందో నాకు తెలుసు 🙂 పక్క గోడంతా తెల్లటి చారలు, ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో మిగిలిన సిలికాన్ ట్యూబ్ మాత్రం తేవద్దు దండం పెడతా, అది ఊడినప్పుడు దాని మీద ఇంకేదీ అతుక్కోదు, మొత్తం గీకి తీయాలి.

#5 · కొత్త_కప్లర్

అమ్మో. ఒక్క రాత్రిలో లిస్టు తలకిందులైంది.

టైర్ల కింద దూరా. నాలుగింట్లో మూడింటి మీద 2216 అని ఉంది, అంటే 2016లో 22వ వారం, అంటే బండితో వచ్చినవే! గాట్లు చూస్తే నిన్న వేసినట్టున్నాయి, అందుకే నమ్మేశా. రూఫ్ శనివారం ఎక్కుతా.

ఇంకో వింత. పక్కింటాయన దగ్గర వేరే కంపెనీ ట్రైలర్ ఉంది, ఆయన సరదాగా తన సామాను పెట్టె తాళంచెవి నా దాంట్లో పెడితే టక్కున తెరుచుకుంది. ఇదేంటి, నాది ఏమన్నా మార్చేశారా?

#6 · మూడు_ట్రిప్పులు

హహ, స్వాగతం. నీ తాళంచెవి మీద సీహెచ్751 అని ఉంటుంది చూడు. బయట సామాను అరలకి చాలా కంపెనీలు ఇదే తాళం వేస్తాయి, క్యాంప్ సైట్‌లో ఉన్న బళ్ళలో సగం నీ చెవితో తెరవొచ్చు, వాళ్ళు నీది తెరవొచ్చు. వేరే క్యామ్ లాక్‌లు కొని మార్చుకో, వెనక ఒకే నట్టు, ఒక్కోటీ అయిదు నిమిషాల పని. పాతదాని పొడవు కొలిచి తీసుకో, పొట్టిది తెస్తే నాలుక గడికి అందదు.

#7 · బ్యాటరీ_బాబాయ్

టైర్లు, రూఫ్ అయ్యాక నా దగ్గరికి రావాల్సిందేగా, వెయిట్ చేస్తున్నా 😎

కొత్త_కప్లర్, కరెంటు సంగతి లెక్క వేసుకుని దిగు, లేకపోతే తడిసి మోపెడవుతుంది. ముందు నీకు రోజుకి ఎన్ని ఆంప్ అవర్లు (ఒక ఆంపు ఒక గంట సేపు లాగితే ఒక ఆంప్ అవర్) కావాలో తెలియాలి. నీ బండిలో పాత బల్బులే ఉంటే ఒక్కోటీ ఆంపున్నర దాకా లాగుతుంది, పది వెలిగిస్తే 15 ఆంపులు! అవే ఎల్ఈడీలు వేస్తే పదీ కలిపి రెండు ఆంపులు. అంటే బల్బులు మారిస్తే బ్యాటరీ కొన్నట్టే. చలిరాత్రి ఫర్నేస్ (బండి లోపల వేడి చేసే గ్యాస్ హీటర్) ఫ్యాన్ ఏడెనిమిది ఆంపులు, సగం సేపు తిరిగినా తెల్లారేసరికి 30 ఆంప్ అవర్లు పోయాయి. గ్యాస్ డిటెక్టర్, స్టీరియో లాంటివి నువ్వు పడుకున్నా తాగుతూనే ఉంటాయి, అందుకే ఇంటి దగ్గర నిలబెట్టిన బండి బ్యాటరీ రెండు వారాల్లో చచ్చిపోతుంది. ఒక డిస్‌కనెక్ట్ స్విచ్ బిగించు, దానికన్నా చవకైన అప్‌గ్రేడ్ లేదు.

100 ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది 50. అంతకన్నా దించితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 నుంచి 100 దాకా వాడుకోవచ్చు. కానీ పాతది తీసి కొత్తది పెడితే అయిపోదు, చాలామంది పడే తిప్పలు ఇక్కడే:

నీ బండిలో ఉన్న పాత కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె) 13.6 వోల్టుల దగ్గర కూర్చుంటుంది, లిథియంకి 14.4 చుట్టుపక్కల కావాలి. అది మార్చకపోతే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, నువ్వేమో బ్యాటరీ మంచిది కాదని తిట్టుకుంటావు. రెండోది, సున్నా డిగ్రీల కింద లిథియంని ఛార్జ్ చేయకూడదు, సెల్స్ పాడవుతాయి. కాబట్టి బయట ఎ-ఫ్రేమ్ (ట్రైలర్ ముందు, లాగే కొక్కెం దగ్గరి ఇనుప చట్రం) మీద కాదు, లోపల మంచం కింద పెట్టు, లేదా హీటర్ ఉన్నది కొను. మూడోది, లాగే బండి ఆల్టర్నేటర్ నుంచి నేరుగా ఛార్జ్ అయ్యేలా వదిలేయకు, లిథియం ఎంతిస్తే అంత తాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదముంది. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాలి.

పెద్ద ఇన్వర్టర్ అన్నావు. మైక్రోవేవ్ 1,500 వాట్లు లాగుతుంది అనుకో, 12తో భాగిస్తే 125, నష్టాలు కలుపుకుంటే 140 ఆంపుల దగ్గర. దానికి బొటనవేలంత లావు కేబుల్ కావాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి. ఆ పని రానివాడితో చేయిస్తే బండి తగలబెట్టుకోవడమే. నిజంగా మైక్రోవేవ్ బ్యాటరీ మీద వాడాలా? వద్దనుకుంటే చిన్న ఇన్వర్టర్ చాలు.

సోలార్ 200 వాట్లు బల్లపరుపుగా పడుకోబెడితే మంచి ఎండలో రోజుకి 55-60 ఆంప్ అవర్లు రావొచ్చు. చెట్టు కింద పార్క్ చేస్తే ఆ లెక్క మర్చిపో.

వీటన్నిటికంటే ముందు షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టు. గోడ మీద నాలుగు లైట్లు వెలిగే ఆ ప్యానెల్‌ని నమ్మకు, అది చెప్పేది జాతకం.

#8 · వెన్నెల_దారి

బాబాయ్ గారి పోస్టు చదివితే నాకు కళ్ళు తిరిగాయి, మేం నాలుగేళ్ళుగా పాత బ్యాటరీతోనే హాయిగా తిరుగుతున్నాం 😅 అందరూ మగవాళ్ళ లెక్కలే చెప్తున్నారు, రాత్రి నిద్ర పట్టేవి ఎవరన్నా చెప్తారా?

నా మొదటి మూడు:

ఒకటి, రూఫ్ వెంట్ ఫ్యాన్. కంపెనీ ఇచ్చేది చిన్న ఫ్యాను, శబ్దమే గానీ గాలి ఉండదు. దాని స్థానంలో వాన పడినా మూయక్కర్లేని మూత ఉన్న, స్పీడ్లు మార్చుకునే పెద్ద ఫ్యాన్ పెట్టించాం. 14 అంగుళాల చదరపు కన్నం చాలా బళ్ళలో ఒకటే కాబట్టి పాతది తీసి కొత్తది దించడమే (సీలెంట్ సంగతి వాన_చుక్క గారు చెప్పినట్టు). చివర ఒక కిటికీ కొంచెం తెరిచి ఫ్యాన్ సన్నగా పెడితే సాయంత్రం ఏసీ అక్కర్లేదు. పొద్దున కిటికీల మీద చెమ్మ కూడా పోయింది.

రెండు, వాటర్ పంప్ మోత. అర్ధరాత్రి ఒకళ్ళు బాత్రూంకి వెళ్తే అందరూ లేచేవాళ్ళం, చెవిలో జోరీగ కాదు, మంచం కింద మిక్సీ. మా ఆయన సోఫా కింద పలక తీసి చూస్తే పంపుని పలచటి ప్లై మీద నాలుగు స్క్రూలతో బిగించేశారు, దాంట్లోంచి గట్టి ప్లాస్టిక్ పైపు నేరుగా గోడకి ఆనుకుని వెళ్తోంది. పంపు వణికితే ప్లై తబలాలా మోగుతుంది, పైపు గోడని కొడుతుంది. పంపు కింద మందపాటి రబ్బరు మ్యాట్ ముక్క పెట్టి, రెండు వైపులా ఒక వంపు వచ్చేలా మెత్తటి గొట్టాలు వేసి, పైపు గోడని తాకే ప్రతి చోటా ఫోమ్ చుట్టారు. గంట పని. ఇప్పుడు పంపు ఆన్‌లో ఉందో లేదో చెయ్యి పెట్టి చూడాల్సొస్తోంది.

మూడు, పరుపు. వీటిలో వచ్చే క్వీన్ మంచం చాలావరకు పొట్టి క్వీన్, 60కి 80 కాదు, 60కి 75 అంగుళాలే. ఇంటి పరుపు తెచ్చి పెడితే అయిదంగుళాలు బయటికి వచ్చి నడిచే దారి మూసుకుపోతుంది. కొలిచి కొనండి.

#9 · ఇరుసు_గ్రీజు

వెన్నెల గారూ పంపు సంగతి నేనూ చేస్తా, పదేళ్ళుగా భరిస్తున్నా.

నేను చెప్పడం మర్చిపోయింది బేరింగులు. కొత్త_కప్లర్, నీ ఇరుసు చివర రబ్బరు మూత తీస్తే గ్రీజు నిపుల్ కనిపిస్తుందేమో చూడు. ఉంటే సంబరపడకు. నాకు ఉంది, ప్రతి ట్రిప్పుకి ముందు గ్రీజు గన్ పెట్టి నాలుగు దెబ్బలు కొట్టేవాణ్ణి, ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నాకే ముచ్చటేసేది. రెండేళ్ళకి ఒక దిగుడులో బ్రేక్ నొక్కితే ట్రైలర్ వెనకనుంచి నెడుతోంది. బ్రేక్ కంట్రోలర్ (లాగే బండిలోంచి ట్రైలర్ బ్రేకుల పట్టు పెంచే డబ్బా) ఫుల్లుగా పెంచినా అంతే. ఇంటికొచ్చి డ్రమ్ విప్పితే వెనక సీల్ దాటి గ్రీజు లోపలికి వచ్చి బ్రేక్ షూలు రెండూ నూనెలో వేయించి తీసినట్టున్నాయి. నాలుగు చక్రాల్లో మూడు అంతే. షూలు, మాగ్నెట్లు, సీళ్ళు అన్నీ మార్చాల్సొచ్చింది, గ్రీజు తాగిన షూలు కడిగితే బాగుపడవు.

అప్పట్నుంచి నిపుల్ ముట్టుకోను. ఏడాదికోసారి డ్రమ్ విప్పి బేరింగులు కడిగి, చూసి, చేత్తో గ్రీజు పట్టించి కొత్త సీల్ వేస్తా. విప్పినప్పుడే బ్రేకులు కూడా కనిపిస్తాయి కదా. దారిలో ఆగినప్పుడల్లా చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు హబ్‌లూ (చక్రం మధ్యలో బేరింగులుండే చోటు) చూస్తా. అంకె ఎంతన్నది పక్కనపెట్టు, నాలుగింట్లో ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ ఏదో ఉన్నట్టు.

స్ప్రింగుల దగ్గర కూడా ఒకసారి చూసుకో. కంపెనీ నుంచి వచ్చేవి ప్లాస్టిక్ బుష్‌లు, కొన్ని వేల కిలోమీటర్లకే అరిగి బోల్టు ఇనుముని కోసేస్తుంటుంది. కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కే బోల్టుల కిట్ దొరుకుతుంది. ఇక్కడ మాత్రం గ్రీజు గన్ ఎంతైనా కొట్టుకో. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ టార్క్ రెంచ్‌తో నట్లు బిగించి, ఓ 80 కిలోమీటర్లు పోయాక మళ్ళీ చూడు.

#10 · రెండో_గేర్

అన్నలూ నాదొక డౌటు, మధ్యల దూరినందుకు ఏమనుకోకుండ్రి. నా ట్రైలర్ లారీ పక్కనుంచి పోతే చాలు తోక ఊపుతది. స్వే బార్లు (ఊగకుండ ఆపే కడ్డీలు) పెడితే సరిపోతదా? మా దోస్తేమో పెద్ద హిచ్ (ట్రైలర్‌ని లాగే బండికి కలిపేది) కొను అంటుండు. వెనకాల బంపర్‌కి నేను కూడా సైకిళ్ళు కట్టిన, మూడు.

#11 · ఇరుసు_గ్రీజు

రెండో_గేర్, ముందా సైకిళ్ళు దించు. సమాధానం నీ ప్రశ్నలోనే ఉంది. తోక ఊపడానికి మొదటి కారణం ముందు బరువు తక్కువ, వెనక ఎక్కువ కావడం. హిచ్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. చిట్టచివర సైకిళ్ళు వేలాడదీస్తే అవి ఇరుసు మీద తక్కెడలా పనిచేసి ముందు భాగాన్ని ఎత్తేస్తాయి. స్వే కంట్రోల్ ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (హిచ్ మీది బరువుని రెండు బళ్ళ ఇరుసులకీ పంచేది) మంచిదే, నేనూ వాడతా, కానీ తప్పుగా సర్దిన బరువుని అది సరిచేయదు, జబ్బు కనబడకుండా దాస్తుంది అంతే.

కొత్త_కప్లర్ నీక్కూడా ఇదే, ఆ ర్యాక్ లిస్టులోంచి కొట్టేయ్. ఆ వెనక బంపర్ లావుగా కనిపిస్తుంది గానీ అది నాలుగంగుళాల పలచటి రేకు గొట్టం, మురుగు గొట్టం దాచుకోవడానికి పెట్టింది. రెండు చివరలా చిన్న వెల్డింగు. దాని మీద స్పేర్ టైర్ ఉంటే ఇప్పటికే దాని పని అదే ఎక్కువ. నాలుగు సైకిళ్ళు గతుకుల్లో ఎగురుతుంటే వెల్డింగ్ చీలి బంపర్‌తో సహా రోడ్డు మీద పడుతుంది. సైకిళ్ళు లాగే బండి పైన పెట్టు.

#12 · బ్యాటరీ_బాబాయ్

ఒకటి మిస్సయింది, హుకప్ (సైట్‌లో ఇచ్చే కరెంటు కనెక్షన్) పెట్టుకునేవాళ్ళకి సర్జ్ ప్రొటెక్టర్. పిడుగులకి అనుకుంటారు అందరూ, నిజానికి ఎక్కువగా కాపాడేది తక్కువ వోల్టేజీ నుంచి. ఎండాకాలం సైట్‌లో అందరూ ఏసీలు వేస్తే 120 వోల్టులు (అమెరికా కరెంటు) ఉండాల్సింది 102కి పడిపోతుంది, ఏసీ మోటార్ అదే పని చేయడానికి ఎక్కువ ఆంపులు లాగి వేడెక్కి చస్తుంది. మంచి మోడల్ 104 కిందకి పడినా 132 దాటినా తనే కట్ చేస్తుంది, ఎర్త్ లేని సాకెట్, వైర్లు అటూ ఇటూ మారిన సాకెట్ కూడా పట్టుకుంటుంది. రెండో రకం, చవగ్గా దొరికేది, వట్టి సర్జ్ మాత్రమే ఆపుతుంది, తక్కువ వోల్టేజీని ఆపదు. డబ్బా మీద చదివి కొనండి.

చిన్న జనరేటర్ మీద ఏసీ నడపాలనుకుంటే సాఫ్ట్ స్టార్ట్ పెట్టించుకోండి, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే ఆ ఒక్క పెద్ద గుక్కని సగానికి పైగా తగ్గిస్తుంది.

#13 · వాన_చుక్క

నీళ్ళవైపు కూడా రెండు ముక్కలు. కొళాయి దగ్గర ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి, కొన్ని సైట్లలో ప్రెషర్ విపరీతంగా ఉంటుంది, బండి లోపలి పైపుల జాయింట్లు దానికి తట్టుకోవు. మీటర్ ఉండి తిప్పుకునే రకమైతే 45-50 పీఎస్ఐ దగ్గర పెట్టుకోవచ్చు, చిన్న గొట్టంలా ఉండేవి షవర్‌ని కూడా చంపేస్తాయి.

గీజర్‌లో ఇనుప ట్యాంకు అయితే ఆనోడ్ రాడ్ ఉంటుంది, ట్యాంకు బదులు అది తినబడుతుంది, ఏడాదికోసారి విప్పి చూసి మార్చాలి. అల్యూమినియం ట్యాంకు అయితే అది ఉండదు, వెతక్కండి. విప్పే ముందు నీళ్ళు చల్లారనిచ్చి ప్రెషర్ వదిలేయండి.

#14 · వెన్నెల_దారి

కందిరీగల జాలీలు మర్చిపోయారు! గీజర్, ఫ్రిజ్ వెంటుల్లో మట్టి గూళ్ళు పెట్టేస్తాయి, ఒక సీజన్ మా గీజర్ మంట పసుపుగా కాలి మసిపట్టింది, బర్నర్ గొట్టంలో గూడు. స్టీల్ జాలీలు స్ప్రింగులతో బిగించేశాం అన్నిటికీ.

#15 · బ్యాటరీ_బాబాయ్

అన్నిటికీ వద్దమ్మా. ఫర్నేస్ గొట్టానికి జాలీ పెట్టొద్దని కొన్ని ఫర్నేస్ మాన్యువల్స్‌లోనే రాసుంటుంది, గాలి అడ్డుపడి వేడెక్కుతుందని. మీ మాన్యువల్ తీసి చూడండి ఒకసారి.

#16 · వెన్నెల_దారి

నాలుగేళ్ళుగా ఉంది బాబాయ్ గారూ, ఏమీ కాలేదు. కానీ మీరన్నారని మాన్యువల్ చూశా, మీరు చెప్పినట్టే ఉంది 😐 ఫర్నేస్‌ది తీసేస్తున్నా, సీజన్ మొదట్లో టార్చితో చూసుకుంటా.

#17 · కొత్త_కప్లర్

మూడు వారాల తర్వాత వస్తున్నా, అప్‌డేట్ ఇద్దామని.

టైర్లు నాలుగూ కొత్తవి, మెటల్ వాల్వులతో. గ్రీజు అన్న మాట విని డ్రమ్‌లు కూడా విప్పించా, ఒకదాంట్లో సీల్ కారి షూ తడిసింది, మార్చాం. తర్వాత బండి మొత్తం సర్ది, అందరూ తెచ్చుకునే సామానంతా పెట్టి, నీళ్ళ ట్యాంకు సగం నింపి తూకానికి తీసుకెళ్ళా. తలుపు దగ్గర స్టిక్కర్ ప్రకారం గరిష్ఠ బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 2,300, అంటే 600 కిలోలు మనదే అనుకున్నా. తూకంలో 2,790 వచ్చింది! పాత ఓనర్ వేయించిన ఫ్లోరింగ్, పెద్ద బ్యాటరీలు, సోఫా, మన సామాను, అన్నీ కలిపి. 110 కిలోలే మిగిలాయి, అది కూడా ట్యాంకు సగమే ఉంటే. హిచ్ మీద 320 ఉంది. ఈ లెక్కన సోలార్, లిథియం, ఇన్వర్టర్ అన్నీ వదులుకోవాలా?

రూఫ్ బాగానే ఉంది, ఒక వెంట్ పక్కన పగులు తప్ప. కానీ ముందు కిటికీ కింద కుడి మూల బొటనవేలు కొంచెం దిగింది వాన_చుక్క గారూ. మీరన్నంత కాదు గానీ దిగింది.

#18 · బ్యాటరీ_బాబాయ్

ఆగాగు, లిథియం ఎందుకు వదులుకోవడం, బరువు తగ్గించే అప్‌గ్రేడ్ అదొక్కటే! నీ ముందున్న లెడ్ యాసిడ్‌వి రెండూ ఒక్కోటీ 28 కిలోల దాకా ఉంటాయి, అంటే 56. లిథియం 100 ఆంప్ అవర్లది ఒక్కోటీ 12 కిలోల లోపే. రెండు పెట్టినా 30 కిలోలు మిగులు, వాడుకోదగ్గ కరెంటు దాదాపు రెట్టింపు. ఒక్కటే పెడితే 44 మిగులు, ఇప్పుడు నీకున్నంత కరెంటు ఎటూ వస్తుంది. సోలార్ రూఫ్ మీద బిగించకుండా మడతపెట్టేది ఒకటి కొను, ఎండలోకి జరుపుకోవచ్చు, రూఫ్‌కి కన్నాలు ఉండవు, బండి నీడలో చల్లగా ఉంటుంది.

#19 · ఇరుసు_గ్రీజు

బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ ఒక మెలిక ఉంది. ఆ 56 కిలోలూ ఎ-ఫ్రేమ్ మీద, అంటే దాదాపు హిచ్ మీదే ఉన్నాయి. తీసేస్తే హిచ్ బరువు 320 నుంచి 275 దగ్గరికి వస్తుంది, మొత్తం 2,760 చుట్టుపక్కల అనుకుంటే 10 శాతం అంచున నిలబడ్డట్టు. లిథియంలు ఇరుసుల మీద కాకుండా ముందు మంచం కింద పెట్టు, కొంత తిరిగొస్తుంది. పనిముట్ల పెట్టె కూడా ముందు అరలోకి మార్చు. అయ్యాక మళ్ళీ తూకానికి వెళ్ళు. నీ నీళ్ళ ట్యాంకు ఇరుసుకి ముందుందా వెనకుందా అది కూడా చూడు, 100 లీటర్లంటే 100 కిలోలు, వెనకుంటే నిండు ట్యాంకుతో ప్రయాణం వద్దు.

ఇంకోటి, బ్యాటరీ మార్చేటప్పుడు బ్రేక్‌అవే స్విచ్ వైర్ విప్పి మళ్ళీ పెట్టడం మర్చిపోతారు చాలామంది. ట్రైలర్ ఊడిపోతే బ్రేక్ వేసేది అదే, దానికి ఈ బ్యాటరీ కరెంటే కావాలి. పెట్టాక పిన్ లాగి, బండి కొంచెం కదిపి చక్రాలు పట్టేస్తున్నాయో లేదో చూసుకో.

#20 · రెండో_గేర్

అన్నా సైకిళ్ళు కారు మీదికి ఎక్కించిన, ముందటి అరల సామాన్ పెట్టిన. మొన్న పొయ్యొచ్చినం, లారీ పక్కనుంచి పోయినా కదల్లే. హిచ్ పైసలు మిగిలినయ్ 🙏

#21 · ఇరుసు_గ్రీజు

బాగుంది. తూకం వేశావా?

#22 · రెండో_గేర్

...ఎయ్యలే. ఎల్లుండి పోత.

#23 · వాన_చుక్క

కొత్త_కప్లర్ గారూ ఆ మూల ఇప్పుడే పట్టుకున్నారు, అదృష్టవంతులు. కిటికీ లోపలి రింగు స్క్రూలు విప్పితే కిటికీ మొత్తం బయటికి వచ్చేస్తుంది, బయట ఒకళ్ళు పట్టుకోవాలి, వదిలేస్తే కింద పడుతుంది. కిందంచులో పాత టేపు ఎండిపోయి ఉంటుంది, ప్లాస్టిక్ గరిటెతో గీకేయండి. తడిసిన చెక్క ఎంతవరకు మెత్తగా ఉందో స్క్రూడ్రైవర్‌తో గుచ్చుకుంటూ వెళ్ళి, గట్టిది తగిలేదాకా తీసేయండి. రెండు మూడు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరనివ్వండి, తొందరపడి మూస్తే తడి లోపలే ఉండిపోతుంది. తర్వాత కొత్త కర్ర ముక్క, చుట్టూ కొత్త బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), కిటికీ నొక్కి స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. మర్నాడు మళ్ళీ బిగిస్తే టేపు ఇంకొంచెం బయటికి వస్తుంది, అది కోసేయండి. పైనా పక్కలా జారని సీలెంట్ గీత, కింద మాత్రం వద్దు, ఎప్పుడన్నా నీళ్ళు చేరితే పోవడానికి దారి ఉండాలి.

#24 · కొత్త_కప్లర్

చాలా థ్యాంక్సండీ. ఈ శనివారం కిటికీ తీస్తున్నా, మా ఆవిడ బయట పట్టుకుంటానంది. టేపు ఏ సైజు తేవాలి?

#25 · వాన_చుక్క

19 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. రెండు చుట్టలు తెచ్చుకోండి, ఒకటి ఆఖరి మూల దగ్గర కచ్చితంగా అయిపోతుంది. వాన లేని శనివారమేనా?